లీటరు సీసా

తన ఇరవై రెండేళ్ళ సర్వీసులో రేసు బండి పెట్రోలు ఒక్క చుక్క కూడా దారి తప్పలేదని తనిఖీ అధికారిగారు తన సన్మాన సభలో మైకు పట్టుకుని ప్రకటించారు. అది అక్షరాలా నిజం. కిందటి ఆదివారం మధ్యాహ్నం మూడున్నర దాకా.

ఆ ఆదివారం కార్ల రేసులో మొదట వచ్చింది ఆయన సొంత మేనకోడలు. రూలు ప్రకారం గెలిచిన కారు ట్యాంకులోంచి లీటరు పెట్రోలు తీసి, సీసాలో పోసి, లక్క సీలు వేసి ల్యాబుకి చేర్చాలి. అందులో కలవకూడనిది కలిస్తే కప్పు వెనక్కి పోతుంది, డ్రైవరు ఏడాదిపాటు ఇంట్లో కూర్చోవాలి.

"మావయ్యా, జాగ్రత్త. ఆ సీసాలో నా ఏడాది ఉంది."

"నాకే చెప్తున్నావా! బంధుత్వం ట్యాంకు మూత దగ్గరే ఆగిపోతుంది" అన్నారాయన. ఆ మాట తనకే తెగ నచ్చడంతో ఇంకోసారి అన్నారు.

కారు ట్యాంకు ఎన్ని లీటర్లు పట్టాలో, పైపు ఎంత పొడుగుండాలో, మూత ఎన్ని చుట్లు తిరగాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. తన స్కూటర్లో పెట్రోలుందో లేదో మాత్రం చూసుకోలేదు. స్కూటరు రూలు పుస్తకంలో లేదు మరి. ల్యాబుకి నాలుగు కిలోమీటర్ల ఇవతల అది దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. ల్యాబు నాలుగింటికి మూసేస్తారు. ఆలస్యంగా చేరిన సీసా చెల్లదని రూలు రాసింది కూడా ఆయనే. అందువల్ల రూలును కాపాడటానికి ఆయన సీలు పగలగొట్టక తప్పలేదు.

సీసా స్కూటర్లో గుమ్మరించారు. దారిలో తనకి అలవాటైన బంకు రాగానే ఖాళీ సీసా నింపించారు. బంకుకి నిబంధనల ప్రకారం తగినంత దూరం జరిగి, జేబులోని లక్క కరిగించి, జేబులోని ముద్ర వేశారు. సీలు వేసేదీ, సీలు భేషుగ్గా ఉందని సంతకం పెట్టేదీ ఒక్కరే కావడంతో ఎక్కడా జాప్యం జరగలేదు. పెట్రోలు పెట్రోలే కదా అని తనకి తానే ధ్రువీకరించుకున్నారు.

ల్యాబు నివేదిక వచ్చింది: "ఇందులో సగం కిరోసిన్. మిగతా సగాన్ని పెట్రోలు అనడానికి మాకు మనసొప్పడం లేదు."

కప్పు వెనక్కి పోయింది. మేనకోడలు ఇంట్లో కూర్చుంది. సొంత మేనకోడల్ని కూడా వదలని ఆ నిజాయితీకి కమిటీ చలించిపోయి సన్మానం పెట్టింది. "వీరు నిప్పు!" అని అధ్యక్షులవారు గర్జించారు. పెట్రోలు చూసుకునే మనిషిని అలా పొగడొచ్చా అని ఎవరికీ అనుమానం రాలేదు.

తర్వాత ఆయన భార్యని కూడా రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

"నిజాయితీ సంగతి నాకంతగా తెలీదండీ. ఆ స్కూటర్ని పదేళ్ళుగా వెనకనుంచి తోసేది నేనే. సీసా ఇచ్చొచ్చిన రోజు మాత్రం వీధి మలుపులో హారన్ వినిపించింది. నేను తలుపు తీసేలోపు ఈయన మా ఇల్లు దాటి పక్క వీధిలోకి వెళ్ళిపోయారు!"

సభ ఘొల్లుమంది. చివరి వరసలో మేనకోడలు ఒక్కతే నవ్వలేదు. లేచి నిలబడింది.

"మావయ్యా, ఆ రోజు నీ స్కూటర్లో ఏం పోశావ్?"

అధికారిగారు అలవాటుగా రూలు నంబరు కోసం వెతుక్కున్నారు. దొరకలేదు. భార్య తిరిగిచ్చిన మైకు మాత్రం చేతిలోనే ఉంది.

"నీ ఏడాది పోశానమ్మా" అన్నారు. ఆ తర్వాత బంకు సీసాతో సహా అంతా చెప్పేశారు.

కమిటీ అప్పటికప్పుడు మేనకోడలికి కప్పూ, ఏడాదీ తిరిగి ఇచ్చేసి, ఇకమీదట తనిఖీ అధికారుల స్కూటర్లలో ఫుల్ ట్యాంకు ఉండి తీరాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. మరి ఆ బంకు మాటేమిటని ఎవరో అడిగారు. బంకు రేసులో పాల్గొనలేదు గనక తనిఖీ పరిధిలోకి రాదని అధ్యక్షులవారు తేల్చారు.

సభ ముగిసింది. తీర్మానాన్ని అమలు చేయడానికి అధికారిగారు నేరుగా అదే బంకుకి వెళ్ళారు. వెనకాలే సభ మొత్తం వరస కట్టింది.

"సున్నా చూసుకోండి సార్" అన్నాడు బంకువాడు మీటరు చూపిస్తూ.

ఆయనా, ఆయన వెనక మనమందరమూ ఎంతో శ్రద్ధగా సున్నా చూసుకున్నాం.