సోలార్ వడియాలు

బుధవారం పొద్దున్నే చంటోడికి తొమ్మిదో నెల సూది వేయించేసి, వాడు జ్వరంతో ఏడుపు అందుకునేలోగా నాలుగు మెతుకులు తినేయాలని రాణి పథకం. పక్క వీధిలో పిల్లలకి తట్టు పోసిందని విన్నప్పటినుంచి ఆమెకు వారంగా నిద్ర లేదు.

కంచరపాలెంలో వాళ్లిల్లూ ఆరోగ్య కేంద్రమూ గోడకు గోడ. నర్సు హరిచందన గుమ్మంలోనే ఆపేసింది.

"ఇవాళ సూది డౌటే రాణీ. తెల్లారగట్ల గాలికి కరెంటు పోయింది. మందుల ఫ్రిజ్జు సోలార్ మీదే నడవాలి, అదీ రావట్లేదు."

"ఇంత ఎండ కాత్తంటే రాకపోడమేటి సిస్టర్?"

"అదే అర్థం కావట్లేదు. లోపల ఏడు డిగ్రీలుంది. ఎనిమిది దాటితే మందులన్నీ పారబోయాలి. మెకానిక్ సన్యాసిరాజు వస్తున్నాడు."

కిందటేడు తుపానుకి మూడు రోజులు కరెంటు లేక మందులు పాడైపోతే, ఆస్పత్రి డాబా మీద ఆ సోలార్ పలకలు బిగించారు. తుపానుకీ వడగాడ్పుకీ తట్టుకుంటాయని ప్రారంభోత్సవంలో ఆఫీసర్లు చెప్పారు. రాణి అత్త చిట్టమ్మకి తట్టుకుంటాయని మాత్రం ఎవరూ చెప్పలేదు.

రాణికి అనుమానం వచ్చి, పిల్లాణ్ణి చంకనేసుకుని తమ డాబా ఎక్కింది. పిట్టగోడ అవతల పలకల నిండా, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, బూడిదగుమ్మడికాయ వడియాలు.

"అత్తా! ఇదేటి సేసినావు?"

"అరవకే. గవర్నమెంటోళ్లు ఇంత నున్నటి అద్దాలేసి వదిలేసినారు. ఊరికే ఎండకి మాడిపోతన్నాయి కదాని..."

"మాడ్డానికే ఏసినారత్తా!"

కింద సన్యాసిరాజు బండి ఆగింది. రాణి బుర్ర అప్పటికే అడివివరం జైలుదాకా వెళ్లి, అక్కడ చంటోడికి పాలెవరు పడతారని ఏడుస్తోంది. పిల్లాణ్ణి అత్త చేతిలో పెట్టి గోడ దూకింది. పిండి ఊడితేనా? బకెట్టు నీళ్లు కుమ్మరించి కొబ్బరిపీచుతో తోమింది. రెండో బకెట్టు. మూడోది.

ఆ నీళ్లు తూములోంచి కింద వరసలో నిలబడ్డ తల్లుల నెత్తిన పడ్డాయి.

"వానొలే!"

"వానేటే, గుమ్మడి ముక్కలు పడతన్నాయి!"

"ఓలమ్మో, డాబా కూలిపోతంది! బయటికి ఎల్లిపోండి!"

అందరూ బయటే ఉన్నారు గనక లోపలికి పరుగెత్తారు. హరిచందన ఫ్రిజ్జుకి వీపు ఆన్చి, "ఈ తలుపు ముట్టుకున్నారో ఊరుకోను!" అని కేకలు పెట్టింది. ఏడున్నర డిగ్రీలు.

సన్యాసిరాజు పైకొచ్చేసరికి పలకలు తళతళలాడుతున్నాయి. మోచేతులదాకా పిండితో రాణి, "అన్నా, తప్పు మాదే..." అని మొదలుపెట్టింది. అతను ఫోన్లో పలకల కరెంటు అంకెలు చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"తప్పేటమ్మా? బిగించిన కాణ్ణించి ఒక్కడూ తుడవక, దుమ్ముకి సగం కరెంటే వచ్చీది. ఇప్పుడు సూడు, ఫుల్లు!"

"నెలనెలా మేమే కడుగుతాం నాయినా, వడియాలెట్టుకోనిత్తే," అంది గోడ మీంచి చిట్టమ్మ.

అతను తూము దగ్గర చిక్కుకున్న వడియాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

మధ్యాహ్నానికి ఫ్రిజ్జు అయిదుకి దిగింది. చంటోడికి సూది పడింది. వాడికంటే ముందు రాణి ఏడ్చింది. సన్యాసిరాజు రిపోర్టు కాగితం తీశాడు. కరెంటు రాకపోవడానికి కారణాల పట్టీలో వడియాలకు గడి లేకపోవడంతో, 'వాతావరణ మార్పు' దగ్గర టిక్కు పెట్టి సంతకం చేశాడు.