తనిఖీ పళ్ళు

కిరండోల్ రైలు లైను పక్కనున్న గనుల టౌన్‌షిప్‌లో రోగుల జీవన నాణ్యత పెరిగిందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఆసుపత్రిలో డిజిటల్ దంత విభాగానికి రిబ్బను కత్తిరించిన క్షణం నుంచే పెరగడం మొదలైంది. ఏ రోగిది పెరిగిందని అడగడం అభివృద్ధి నిరోధకం.

తొలి రోగిగా తాతబాబును ఎంపిక చేశారు. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మేట్‌గా, ఇనుపరాయి మోసే బండ్ల కింద పట్టాలు చూసుకుంటూ రిటైరయ్యాడు. నోట్లో ఒక్క పన్నూ లేదు కాబట్టి అన్ని అర్హతలూ ఉన్నవాడు. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే: భార్య నూకాలమ్మ చేసే జంతికను కరకరా కొరకాలి. పళ్ళు ఊడినప్పటి నుంచీ ఆవిడ జంతికలు రోట్లో దంచి చెంచాతో పెడుతోంది. దంచిన జంతిక జంతిక కాదని తెలిసీ ఆయన మింగుతున్నాడు.

డాక్టర్ రాజేశ్వరరావు ఆయన నోట్లో వేలెడంత కెమెరా తిప్పారు. తాతబాబు చిగుళ్ళు గోడంత తెర మీద బొంగరంలా తిరిగాయి. సభికులు చప్పట్లు కొట్టారు. పక్క గదిలోని యంత్రం పళ్ళ సెట్టు ముద్రించి ఇచ్చింది. అడవిలోని జగర్గుండా ఊరి నుంచి బస్సులు మారి వచ్చిన సీతయ్య మాత్రం బుగ్గ పట్టుకుని, "పన్ను పీకించుకుందమని వస్తే ఫొటో తీసి పొమ్మన్నరు, ఇదేంది?" అని గొణిగాడు. ఆయనకు సాంకేతిక అవగాహన తక్కువ.

డాక్టరుగారు మైకు అందుకున్నారు. "ఇవి మామూలు పళ్ళు కావు! వీటిలో చిప్పు ఉంది. తాతబాబుగారు నవ్వితే మా కంప్యూటరుకు తెలుస్తుంది. నవ్వు పెరిగితే జీవన నాణ్యత పెరిగినట్టే! కాకపోతే వీటిని చూడటానికి ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. అందాకా వీటితో ఏమీ తినకూడదు. మరకలు పడతాయి."

ఇంకొకరైతే ఎదురు ప్రశ్న వేసేవారే. తాతబాబు రైల్వే మనిషి గనక ఆయనకిది సబబుగానే తోచింది. తనిఖీకి సున్నం కొట్టిన రాయి మీద ఎవడైనా కూర్చుంటాడా? స్టేషన్లో వేలాడే ఎర్ర బకెట్లోని ఇసుకను ఎవడైనా మంట మీద పోస్తాడా?

నూకాలమ్మకే ఈ ఇంగితం లేదు. "తినడానికి కాపోతే పళ్ళెందుకు మావా? గోడకేలాడదీసుకుంటావేటి?" అంది.

"ఊరుకోవే. పెద్దసార్లు సూసెల్లిపోతే ఇంక మనయ్యే" అన్నాడు తాతబాబు.

పెద్దలు వచ్చి వెళ్ళారు. వాళ్ళు చెప్పగా విని మరికొందరు వచ్చారు. ఎవరొచ్చినా తాతబాబు కోసం జీపు వచ్చేది. ఆయన పళ్ళు పెట్టుకుని నవ్వి, తీసి డబ్బాలో దాచి, ఆ డబ్బాతో ఇంటికొచ్చి అంబలి తాగేవాడు. జీవన నాణ్యత నూటికి తొంభై ఆరుకు చేరింది. మనిషి మాత్రం బాగా చిక్కాడు. నివేదికలో 'బరువు అదుపులో ఉంది' అని రాసుకున్నారు.

ఒక సాయంత్రం వంటింట్లోంచి వాము వాసన వచ్చింది. తాతబాబు తనిఖీలన్నీ మరిచిపోయాడు. పళ్ళు పెట్టుకుని వేడి జంతిక కొరికాడు. కరక్! ఎన్నేళ్ళకో విన్న ఆ చప్పుడుకు ఆయన కళ్ళు చెమర్చాయి. నూకాలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంకోటి తిను మావా" అంది.

రెండోది సగంలో ఉండగా జీపు వచ్చింది. ఆసుపత్రి కంప్యూటర్లో ఎర్రదీపం వెలిగిందట. డాక్టరుగారు ఒక్క దూకున దిగారు. "ఎంత పని చేశారండీ! పళ్ళతో తినేశారా?"

విచారణ సంఘం కూర్చుంది. సదరు పళ్ళను నమలడానికి దుర్వినియోగపరచినట్టు రుజువైంది. వాటిని స్వాధీనం చేసుకుని, ఆసుపత్రి ముంగిట అద్దాల పెట్టెలో లైటు కింద పెట్టారు. ఎర్రదుమ్ము పేరుకున్న ఆ ఊళ్ళో ఇప్పుడు తెల్లగా ఉన్నవి అవే. పెద్దలు నేరుగా పళ్ళనే చూసి వెళ్తున్నారు, మధ్యలో రోగి అడ్డం లేడు. జీవన నాణ్యత నూటికి నూరైంది. తాతబాబుకు ఏడుపొచ్చింది గానీ, లెక్క నవ్వులకే ఉంది గనక అది ఎక్కడా నమోదు కాలేదు. నూకాలమ్మ మళ్ళీ రోలు కడుక్కుంది.

మీకు నవ్వొస్తోంది కదూ? నవ్వండి. అన్నట్టు, మీ హాల్లో అద్దాల బీరువాలో పింగాణీ కప్పులున్నాయే, మీ పెళ్ళినాటివి, వాటిలో మీరెప్పుడైనా టీ తాగారా?