గులిమి తీయించండి, కాపురం నిలబెట్టుకోండి!

చెవులు శుభ్రం చేయించుకున్నాక వినికిడి తగ్గిందని గోల పెట్టేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. అయ్యా, అమ్మా! తగ్గితే తగ్గిందని సంబరపడండి. వెళ్ళి ఆ డాక్టరుగారి మెడలో ఓ దండ వేసి రండి.

వినపడకపోవడం సైడ్ ఎఫెక్టని ఎవరన్నారు? అదే అసలు ఎఫెక్టు! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. ఈ కాలమ్ రాస్తుంటే ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతోంది.

సాక్ష్యమంటే మా ఆయనే. మోటార్ల మెకానిక్. ఫ్యాన్లు, వాషింగ్ మెషీన్లు, నీళ్ళ మోటార్లు... తిరిగేది ఏది తిరగడం మానేసినా ఆయన షాపుకే వస్తుంది.

ఆయన పనితనమంతా చెవుల్లోనే ఉంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన మోటారుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుంటారు. "వెనక బేరింగ్ పోయిందండీ. ఇన్నాళ్ళుగా పాపం మూలుగుతుంటే మీకు వినపళ్ళేదా?" అని కస్టమర్‌ని మందలిస్తారు. బేరింగ్ మీద ఆయనకున్న జాలి చూసి తీరాల్సిందే.

మరి అదే మనిషికి, ఇన్నేళ్ళుగా ఇంట్లో నేను మూలుగుతుంటే? ఊహూఁ! పెడచెవిన పెట్టారని నిందించడానికి కూడా లేదు. పెడచెవిన పెట్టాలన్నా ముందు ఏదో ఒక చెవిన పడాలి కదా. టీవీ వైపు చూస్తూ "ఊఁ" అంటారు. నేనేమన్నానో చెప్పండంటే "అదే, నువ్వన్నావుగా" అంటారు. నాకూ ఓ బేరింగ్ ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో!

అలాంటి దివ్యమైన చెవుల్లో గులిమి పేరుకుంది. పేరుకోదా మరి? దురద పుట్టినప్పుడల్లా వైరు ముక్క, అగ్గిపుల్ల, పెన్ను క్యాప్, ఏది దొరికితే దానితో కెలుక్కోవడమే. బయటికి వచ్చేదాన్ని లోపలికి తోసి, శుభ్రం చేశాననుకోవడం!

చివరికి ఓ రోజు ముందు బేరింగ్ పోయిన మోటారుకి, నిక్షేపంలాంటి వెనక బేరింగ్ మార్చి పంపేశారు. కస్టమర్ ఆ మోటారు మోసుకొచ్చి మళ్ళీ బల్ల మీద పెడితే, ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదట.

"చెవి పోతే నేను పోయినట్టేనే," అన్నారు ఇంటికొచ్చి. నిజంగానే భయపడ్డారు. అబద్ధమెందుకు, నేనూ భయపడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. మా ఇల్లు ఆ చెవుల మీదే నడుస్తోంది మరి.

చెవి డాక్టరుగారు సిరంజితో నీళ్ళు కొట్టారు. గులిమి ఉండ ట్రేలో పడగానే, పిల్లాడు పుట్టినంత గర్వంగా మాకు చూపించారు. ఆ తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి, "ఇప్పుడెలా వినపడుతోంది?" అన్నారు. మా ఆయన పలకలేదు. "నొప్పేమైనా ఉందా?" అన్నారు. దానికీ పలకలేదు. "కంప్లైంట్ ఏమీ లేదు" అని టైప్ చేసుకున్నారు!

"డాక్టరుగారూ, ఆయనకు మీరు అడుగుతున్నదే వినపడటం లేదండీ," అన్నాను నేను. టైపింగ్ ఆగలేదు. చెవులు బాగుచేసేవాళ్ళకు చెవులుండి తీరాలని రూలెక్కడుంది? బల్ల గుద్దాక ఇటు తిరిగి చూశారు. లోపల వాచిందట, కాసిని నీళ్ళు నిలిచాయట. చుక్కలు వేస్తే కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుందట.

ఇక చూడండి మా ఇంటి వైభోగం!

పై వాటావాళ్ళు రోజూ తెల్లారకముందే ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు కుర్చీలు ఈడుస్తారు. మా ఆయన పసిపిల్లాడిలా నిద్రపోయారు. "అర్జెంటు, ఇప్పుడే కావాలి" అని షాపులో అరిచే కస్టమర్లు, గొంతు ఆరిపోయి, తమంతట తామే స్టూలు మీద కూర్చోవడం నేర్చుకున్నారు. గంటల తరబడి ఫోన్లో హితబోధ చేసే మా బావగారు, తమ్ముడు బదులు పలకడం లేదని కొత్త శ్రోతను వెతుక్కున్నారు. నన్నడిగితే దేశాలేలే పెద్దలందరికీ ఒకే రోజు గులిమి తీయించాలి. ఒకరన్నది ఇంకొకరికి వినపడితే కదా యుద్ధాలు!

మరి పనో, అంటారా? మోటారు మీద అరచెయ్యి ఆనించి, అదురు పట్టుకుని రోగం చెప్పడం మొదలుపెట్టారు. అరచేతికి గులిమి పట్టదు కదా.

ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం నాది.

ఇదివరకు వంటింట్లోంచి కేకేసి చెప్పేదాన్ని, అది గాలికి పోయేది. ఇప్పుడు ఏం చెప్పాలన్నా దగ్గరికెళ్ళి, భుజం తట్టి, ఎదురుగా కూర్చోవాలి. ఆయన టీవీ కట్టేసి, నా పెదాల కదలిక పట్టుకోవడానికి నా మొహంలోకే చూస్తూ కూర్చునేవారు. మా ఆయన అంతసేపు నా మొహం చూసింది పెళ్ళిలోనే. అదీ ఫొటోగ్రాఫర్ బలవంతం మీద!

"అలిసిపోయావా? కళ్ళు గుంటలు పడ్డాయి," అన్నారొకసారి. ఆ గుంటలు పడి ఎన్నేళ్ళైందో ఆయనకేం తెలుసు?

ఇంకో సదుపాయం కూడా దొరికింది. ఆయన వెనక నిలబడి ఏమైనా అనొచ్చు! వాక్ స్వాతంత్ర్యమంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఆయన వంటింట్లో కాఫీ తాగుతుంటే, నేను గిన్నెలు తోముతూ గోడకు చెప్పుకునేదాన్ని. గోడలకు చెవులుంటాయో ఉండవో గానీ మా వంటింటి గోడకు ఓపిక మాత్రం బోలెడుంది.

"ఊళ్ళో ఫ్యాన్లన్నీ తిప్పుతాడట మహానుభావుడు! ఈ వంటింటి ఫ్యాన్ ఆగిపోయి ఎన్నాళ్ళైందో కనపడదూ?" అన్నాను ఓ సాయంత్రం. మర్నాడు చూస్తే ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. పోనీలే, ఇన్నాళ్ళకు సిగ్గేసి ఉంటుందనుకున్నాను.

"తడి తువ్వాలు మంచం మీద పడేసే జబ్బుకి ఏ డాక్టరు దగ్గర మందుందో!" అన్నాను గోడతో. మర్నాడు తువ్వాలు తీగ మీద ఆరుతోంది. కాకతాళీయం అనుకున్నాను.

తర్వాత ఓ రోజు మనసు బాగాలేక, మెల్లిగానే అన్నాను: "ఇన్నేళ్ళు వండి పెట్టాను. నువ్వు తిన్నావా అని ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు ఈ మనిషి."

మర్నాడు మధ్యాహ్నం షాపు నుంచి వచ్చారు. చేతులు కడుక్కుని కూర్చున్నారు. కంచంలో చెయ్యి పెట్టకుండా, "నువ్వు తిన్నావా?" అన్నారు.

నా చేతిలో గరిటె జారి పడింది. నా వెనకెక్కడో, గచ్చు మీద. ఆయన తల చటుక్కున అటు తిరిగింది!

పాఠకులారా, అప్పుడు వెలిగింది. వెళ్ళి చుక్కల సీసా చూశాను. సగానికి పైగా మిగిలే ఉంది, మూత మీద దుమ్ము. మర్నాడు షాపు అద్దంలోంచి తొంగిచూశాను. స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మొహం నిండా పరమానందం!

ఎన్నాళ్ళైంది బాగై? అంటే నేనన్నవన్నీ విన్నారా? ఆయన గురక గురించి, స్నానాల గదిలో పాటల గురించి, మా బావగారి గురించి నేనన్నవన్నీ? తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోపం రావాలి కదా! రాలేదు. ఏడుపొచ్చింది. అన్నీ విని, నోరెత్తకుండా, ఒక్కొక్కటే సరిదిద్దుకుంటూ వస్తున్నాడీ మనిషి.

నిలదీద్దామని షాపు మెట్టు దాకా ఎక్కినదాన్ని, వెనక్కి వచ్చేశాను. నిలదీస్తే ఆయన చెవులు బాగైనట్టు తేలిపోతుంది. చెవులు బాగైతే ఆయనకు మళ్ళీ నేను వినపడను!

కాబట్టి ఇప్పటికీ భుజం తట్టి, పెదాలు సాగదీసి, ఒక్కో మాటా విడమరిచి చెబుతున్నాను. ఆయనా టీవీ కట్టేసి, అమాయకంగా నా మొహంలోకి చూస్తూ వింటున్నారు.

ఇంత రహస్యాన్ని పత్రికలో పెట్టేశానేమని మీరు కంగారు పడకండి. మా ఆయన నా కాలమ్ చదివితేగా! ఇన్నేళ్ళలో ఒక్క వాక్యం చదివి ఎరుగరు. మొన్న ఆ ముక్కే గోడతో అని వాపోయాను.

నిన్న షాపుకి క్యారియర్ తీసుకెళ్ళాను. పాత పేపర్లన్నీ బల్ల మీద పరిచి, మోటార్లన్నీ పక్కకు నెట్టి, నా పాత కాలమ్‌లు వేలు పెట్టి చదువుతున్నారు. నన్ను చూసి గబుక్కున పేపరు మీద బేరింగ్ పెట్టారు.

అందుకని ఇది మీకేనండీ. మీకు వినపడుతోందని నాకు తెలియదు. ఈ కాలమ్ మీరు చదవనూ లేదు. సరేనా? సాయంత్రం పెందలాడే ఇంటికి రండి. గోడతో చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.