చేపల హోటల్లో ఏడు అలలు

ఆ ఉదయం మునిరత్నం వేసుకున్న పథకం చిన్నదే. బంగారుపాళ్యం హైవే పక్కన బాలచంద్ర కొత్తగా తెరుస్తున్న చేపల హోటల్లో, గోడమీది సముద్రానికి చివరి నురగ పెట్టాలి. జనం మెచ్చుకుంటుంటే ఓ మూల నిలబడి వినాలి. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాసే ఆయన కుంచెకు పని పోయింది. సముద్రాన్ని చూసిన పాపాన పోలేదు గనక ఫోనులో వీడియోలు చూసి అలలు నేర్చుకున్నాడు. కింద ముదురు నీలం, పైకి పోయేకొద్దీ లేత, అంచున తెల్లటి నురగ. అంతే విద్య. ఒక్కరు "ఆహా, సముద్రం!" అంటే చాలు, జన్మ ధన్యమైనట్టే.

మొదటి గిరాకీ మునిరామయ్య గడప దగ్గరే ఆగి, చెప్పులు విడిచి, గోడకు చేతులు జోడించాడు.

"గోవిందా! ఏడుకొండలూ ఎంత కళగా ఉండాయప్పా!"

మునిరత్నం కుంచెతో గోడ చూపించాడు. "కొండలు గాదు పెద్దాయనా, అలలు. నురగ సూడు."

"అది కొండ మీద మంచు అబ్బా. ధనుర్మాసంలో నడిచి పోయినప్పుడు సూసినాలే."

లెక్కపెడితే అలలు నిజంగానే ఏడు. మునిరత్నం హడావిడిగా ఎనిమిదోది వేశాడు. వచ్చినవాళ్లు అది తలకోన కొండ అన్నారు. పడవ వేశాడు. ఘాట్ రోడ్డులో బస్సన్నారు. ఈలోగా వంటింట్లోంచి పులుసు వాసన వచ్చింది.

"స్వామి ఎదురుగా చేపలేందప్పా?" అంటూ బెంచీల మీది జనమంతా లేచారు. పొంగలి ఉందా అని అడిగారు.

బాలచంద్ర వ్యాపారి. మధ్యాహ్నానికి పులుసు గిన్నెలు ఇంటికి పోయాయి, బోర్డు మీద 'శుద్ధ శాకాహారం' వెలసింది. సాయంత్రానికి హోటల్లో కూర్చోవడానికి చోటు లేదు.

"పైన గోపురం ఒకటి ఎయ్యి," అన్నాడు మునిరత్నంతో. "ఇంక ఇవి కొండలే. సముద్రమని నోరు జారినావంటే గోడకు సున్నం కొట్టించేస్తా."

మునిరత్నం ఏడుపు దిగమింగుకుని గోపురం వేశాడు.

మర్నాడు గూడూరు నుంచి కారులో వచ్చిన వసంతమ్మ ఇడ్లీ తుంచబోయి ఆగిపోయింది. ఆమె పుట్టిల్లు సముద్రపు ఒడ్డున.

"అబ్బ, ఏం అలలు! నురగ మీద పడేట్టే ఉంది. పాపం, నీళ్లు గుడి కాడికి వచ్చేసినాయే! ఎవరేసినారయ్యా?"

మునిరత్నానికి కళ్లు చెమర్చాయి. నేనే అనబోయాడు. గల్లాపెట్టె దగ్గర బాలచంద్ర దగ్గాడు.

"అలలు గాదమ్మా, కొండలు. సరింగా సూడండి," అన్నాడు మునిరత్నం.

వసంతమ్మ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, లెంపలు వేసుకుంది.