మామగారు తన్నడం మానేశారు

సెప్టెంబరు చివరి శనివారం ఉదయం పదకొండున్నరకు, మోంటానాలోని విల్లో ఫోర్క్ రైఫిల్ క్లబ్బు మైదానంలో, ఎల్డన్ థోర్సన్ కుడి భుజం మీది దెబ్బను కందిరీగలు తినడం మొదలుపెట్టాయి. చూసినవాళ్లు పద్నాలుగు మంది. వాళ్లలో ఒకరు అతని భార్య లవోన్. ఆమె చేతిలో బిస్కెట్ల బుట్ట ఉంది.

కథ అక్కడికి రావడానికి కారణం ఒక రైఫిలు. అది ఎల్డన్‌కు పెళ్లినాడు లవోన్ తండ్రి ఇచ్చిన కానుక. కాల్చిన ప్రతిసారీ భుజాన్ని వెనక్కి తన్నేది. దానికి ఎల్డన్ "మామగారు" అని పేరు పెట్టాడు. ఎందుకని ఎవరైనా అడిగితే రెండు కారణాలు చెప్పేవాడు. రెండో కారణం లవోన్ గదిలో లేనప్పుడు చెప్పేవాడు.

విల్లో ఫోర్క్ క్లబ్బులో ఏటా సెప్టెంబరులో గాడిద తన్నుల పోటీ జరుగుతుంది. పెద్ద రైఫిళ్లే వాడాలి. నిలబడి ఐదుసార్లు కాల్చాలి. తూటాలో మందు పూర్తిగా ఉండాలి. ఒక ఏడాది ఒకాయన చొక్కా లోపల సోఫా దిండు కట్టుకుని వచ్చాడు. అప్పటినుంచి ఇంకో నియమం చేరింది. కాల్చడం అయ్యాక అందరూ చొక్కా విప్పి భుజం చూపించాలి. దెబ్బ లేని భుజానికి మార్కులు లేవు.

పోటీ తర్వాత నెలకు వేట మొదలవుతుంది. క్లబ్బు మగవాళ్లు వారం రోజులు కొండ కింద గుడారం వేసుకుంటారు. ఆ వారం అందరికీ వంట లవోన్ చేసేది. పెళ్లయిన దగ్గరనుంచి ఆమె చేతికి గరిటె తప్ప తుపాకీ రాలేదు.

"ఈసారి నేను వంట చెయ్యను," అని ఆగస్టులో ఒక సాయంత్రం లవోన్ అంది. "వేటకొస్తా."

"దేంతో వస్తావు? ఇంట్లో మిగిలింది మామగారొక్కరే. ఆయన ఒక్క తన్ను తన్నారంటే నువ్వు పక్క జిల్లాలో లేస్తావు."

"మా నాన్న నన్నెప్పుడూ తన్నలేదు."

"నువ్వు కూతురివి. నేను అల్లుణ్ణి. ఆ తేడా తుపాకీకి కూడా తెలుసు."

"అయితే పందెం. పోటీలో నువ్వు గెలిస్తే ఇంక పదేళ్లు నోరెత్తకుండా వంట చేస్తా. నువ్వు ఓడినా, నీ మార్కులు చెల్లకపోయినా, వంట నీది, తుపాకీ నాది."

అప్పుడే లవోన్ తమ్ముడు డెల్మర్ నిచ్చెన అప్పడగడానికి వచ్చాడు. సాక్షి ముందు వెనక్కి తగ్గడం ఎల్డన్‌కు చేతకాదు.

"ఒప్పుకున్నా," అన్నాడు. "ఏప్రన్ ఉతికి పెట్టుకో."

"ఎందుకూ," అంది లవోన్, "అది నీకు సరిపోతుంది."

ఎల్డన్ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. చలికాలంలో అతని భుజం కీలు పాడైంది. అంతకన్నా పెద్ద చిక్కు కళ్లతో వచ్చింది. ట్రిగ్గర్ నొక్కే ముందు అవి వాటంతట అవే మూసుకుంటున్నాయి. తన్ను వస్తుందని వాటికి ముందే తెలుస్తోంది. కిందటేడు పోటీలో అలా కళ్లు మూసుకుని కాల్చిన తూటా పక్కనున్న డెల్మర్ గురిపలకకు తగిలింది. డెల్మర్ ఆ ఏడాది గెలిచాడు.

ఎల్డన్ తూటాలు సొంతంగా చేసుకుంటాడు. కాల్చాక మిగిలిన ఇత్తడి తొడుగులు ఏరి తెచ్చి, గ్యారేజీలో ప్రెస్సు యంత్రం మీద సరిచేసి, మందు తూచి పోసి, గుండు బిగిస్తాడు. తూటాలు చేసేవాళ్ల పుస్తకంలో మెత్తటి తూటాలకు వేరే పేజీ ఉంది. మందు వేరు, గుండు తేలిక, తన్ను తక్కువ. తుపాకీ పట్టడం కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం రాసిన పేజీ అది. ఇన్నేళ్లూ ఎల్డన్ ఆ పేజీని ఈగలు కొట్టేటప్పుడు తప్ప ముట్టుకోలేదు. ఆగస్టులో దాన్ని మూడుసార్లు చదివాడు.

మొదటి తూటా ఇంటి వెనక పల్లంలో కాల్చాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చప్పుడైంది. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు. తను నిలబడే ఉన్నాడు. మామగారు తన్నలేదు. భుజం తట్టారు. పెళ్లయ్యాక అదే మొదటిసారి.

ఎల్డన్ పల్లంలో ఒక్కడే నిలబడి నవ్వాడు. తూటాలు గురికి కింద పడుతున్నాయని చూసి, తుపాకీ మీద గురిచూసే స్కోపు మరలు తిప్పి సరిచేశాడు. పెట్టె నిండా తూటాలు చేశాడు. కళ్లు మూసుకోవడం మానేశాయి.

తర్వాత తన్నులు తిన్నట్టు కనిపించడం నేర్చుకోవాల్సి వచ్చింది. గ్యారేజీలో పాత అద్దం ముందు చీపురు భుజానికి ఆనించుకుని, వెనక్కి తూలుతూ "అబ్బా" అనడం సాధన చేశాడు. ఆరో "అబ్బా"కి లవోన్ తలుపు తీసింది.

"ఏం చేస్తున్నావు?"

"ఊడుస్తున్నా."

"చీపురు తిరగేసి పట్టుకున్నావు."

"పైన బూజు దులుపుతున్నా."

"బూజు తన్నిందా?"

"కళ్లల్లో పడింది."

లవోన్ పైకి చూసింది. బూజు ఎక్కడిదక్కడే ఉంది. తలుపు వేసి వెళ్లిపోయింది.

ఇక మిగిలింది దెబ్బ. తన్నని తుపాకీ మచ్చ పెట్టదు. ఎల్డన్ ఫ్రీజరు తెరిచాడు. అందులో లవోన్ కొండ మీద ఎలుగుబంట్లతో పోటీపడి ఏరుకొచ్చిన హకిల్‌బెర్రీలనే ఊదారంగు కొండ పండ్లు ఉన్నాయి. వాటిని నలిపి, వడకట్టి, చిక్కబడేదాకా కాచాడు. భుజానికి రాసుకుని అద్దంలో చూశాడు. ఊదారంగు అచ్చు కమిలినట్టే వచ్చింది. అంచులకు కాస్త ఆవ ముద్ద పూశాక దాన్ని చూసి తనకే జాలేసింది.

"ఫ్రీజరులో ఒక సంచి పండ్లు తగ్గాయి," అంది లవోన్ ఆ రాత్రి భోజనాల దగ్గర.

"ఎలుకలై ఉంటాయి."

"ఫ్రీజరు తలుపు తీసే ఎలుకలా?"

"కొండ ఎలుకలు. చలికి తట్టుకుంటాయి."

"తలుపు మళ్లీ వేసిపెట్టాయే. మంచి ఇంట్లో పెరిగిన ఎలుకలు. ఏదీ, నోరు తెరువు."

"నా నోరెందుకు?"

"ఊరికే. ఎలుకేమన్నా దూరిందేమోనని."

ఎల్డన్ నోరు తెరిచాడు. నాలుక నీలంగా ఉంది. లవోన్ బంగాళాదుంపలు ఇంకొంచెం వడ్డించింది. ఆమె ఊరుకుంది కాబట్టి తను గెలిచాననుకుని ఎల్డన్ హాయిగా పడుకున్నాడు. కాచిన రసం కీళ్లనొప్పుల మందు సీసాలో పోసి గ్యారేజీ అల్మరాలో పెట్టాడు. పోటీ వచ్చేదాకా మళ్లీ మూత తీయలేదు.

పోటీకి న్యాయనిర్ణేత ఓటిస్ పార్‌మెలీ. డెబ్బై తొమ్మిదేళ్లు. జీవితమంతా పెద్ద తుపాకుల పక్కన నిలబడినందువల్ల చెవులు పోయాయి. ఊళ్లో అందరూ ఆయన్ని "ఏంటి ఓటిస్" అంటారు. ఎవరేం చెప్పినా ఆయన మొదట అనే మాట అదే.

ఎల్డన్ మొదటి గుండు నడిమధ్యలో పడింది. అతను రెండడుగులు వెనక్కి తూలి "అబ్బా" అన్నాడు. రెండో గుండు దాని పక్కన పడింది. మూడడుగులు తూలాడు. మూడోసారి టోపీ కూడా పడిపోయింది. నాలుగోసారి ట్రిగ్గర్ నొక్కి, "అబ్బా" అంటూ వెనకున్న కుర్చీలో కూలబడ్డాడు. చప్పుడు మాత్రం రాలేదు. తుపాకీలోకి తూటా ఎక్కించడం మరిచిపోయాడు.

అందరూ తుపాకీవైపు చూశారు.

"బావా," అన్నాడు డెల్మర్, "పేలకుండానే తన్నిందేంటి?"

"మామగారు కదా," అన్నాడు ఎల్డన్ కుర్చీలోంచి. "ఆయనకు కారణం అక్కర్లేదు."

అందరూ నవ్వారు. ఎల్డన్ లేచి తూటా ఎక్కించి, మిగతా రెండూ మధ్యలోనే కొట్టాడు. డెల్మర్ కన్నా మార్కులు ఎక్కువ వచ్చాయి. పొట్టలో బాగాలేదని చెప్పి, కోటు జేబులో సీసాతో, చిన్న ఆవ ముద్ద డబ్బాతో మరుగుదొడ్డికి వెళ్లాడు. బయటికి వచ్చాక చొక్కా విప్పి వరసలో నిలబడ్డాడు.

మచ్చ సాసరంత ఉంది. మధ్యలో ఊదా, అంచుల్లో పసుపు. వరసలో అంతకన్నా పెద్ద మచ్చ లేదు.

"పసుపెలా వచ్చింది?" అన్నాడు ఓటిస్, కళ్లద్దాలు సర్దుకుంటూ. "కమిలిన చోట పసుపు నాలుగు రోజులకి గానీ రాదే."

"నా ఒళ్లు తొందరగా మానుతుంది."

"ఏంటి?"

"తొందరగా మానుతుంది."

మొదటి కందిరీగ అప్పుడు వాలింది. దాని వెనక రెండోది వచ్చింది. మోంటానాలో సెప్టెంబరు చివర కందిరీగలు తీపి కోసం వెతుక్కుంటూ తిరుగుతాయి. ఎల్డన్ వాటిని తోలలేదు. చెయ్యి తగిలితే రంగు చెదురుతుంది. చేతులు కట్టుకుని కొండలవైపు చూస్తూ నిలబడ్డాడు. మచ్చ మీద చోటు తగ్గుతోంది.

"దెబ్బని కందిరీగలు తింటాయా?" అన్నాడు డెల్మర్. జవాబు కోసం ఆగకుండా మచ్చ అంచున వేలు పెట్టి, ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు. కొంచెంసేపు ఆలోచించాడు. "అక్కా, ఇది మన కొండ పండే. ఆవ కొంచెం ఎక్కువైంది."

లవోన్ బుట్టలోంచి ఒక బిస్కెట్ తీసి తమ్ముడికిచ్చింది. "ఉత్తిది తినకు. దీంతో తిను."

అంతలో ఒక కందిరీగ కుట్టింది. ఎల్డన్ ఈసారి "అబ్బా" అన్నది సాధన చేసింది కాదు. అతను పరుగెత్తాడు. కందిరీగలు వెంటపడ్డాయి. మార్కుల బల్ల పడిపోయింది. కాఫీ డబ్బా పొర్లింది. వరసలో చొక్కాల్లేకుండా నిలబడినవాళ్లంతా నాలుగు దిక్కులకు పారిపోయారు. ఓటిస్ ఒక్కడే కదలకుండా "ఏంటి? ఏంటి?" అంటూ నిలబడ్డాడు. ఆయన్ని ఏదీ కుట్టలేదు. ఎల్డన్ గుర్రాల నీళ్లతొట్టిలో దూకాడు.

బయటికి వచ్చేసరికి తొట్టి ఊదారంగులో ఉంది. భుజం మీద ఒక కందిరీగ కాటు తప్ప ఇంకేమీ లేదు.

"అంటే తూటాలు కూడా మెత్తటివేనా?" అన్నాడు ఓటిస్.

"అలా ఎలా అంటారు," అన్నాడు ఎల్డన్, నీళ్లు కారుతూ. "మామగారి సంగతి మీకు తెలియదా? కావాలంటే ఎవరైనా కాల్చి చూడండి." అతని లెక్క ప్రకారం ఎవరూ ముందుకు రారు. ఆ తుపాకీకి అంత పేరు తెచ్చింది అతనే.

లవోన్ బుట్ట కింద పెట్టింది. ఎల్డన్ పెట్టెలోంచి ఒక తూటా తీసి రైఫిల్లోకి ఎక్కించింది. నిలబడి, చెంప ఆనించి, కాల్చింది. ఆమె టోపీ కదల్లేదు. గుండు నడిమధ్యలో పడింది. స్కోపును ఆ తూటాలకు సరిగ్గా సరిచేసింది ఎల్డనే.

"నాన్న తన్నలేదు," అంది.

ఎల్డన్ మార్కులు చెల్లవని ఓటిస్ ప్రకటించాడు. ఎల్డన్ నోరు తెరిచాడు గానీ పెదవి మీద రెండో కాటు అప్పటికి వాచింది.

ఇంటికి వెళ్లేటప్పుడు ట్రక్కు లవోన్ నడిపింది. ఎల్డన్ దుప్పటి కప్పుకుని పక్కన కూర్చున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆగస్టులోనే. వంటింటి గోడకి అమ్మమ్మ పింగాణీ పళ్లాలున్నాయి కదా. నువ్వు పల్లంలో ఎప్పుడు కాల్చినా అవి గలగలమనేవి. ఆ రోజు నువ్వు కాలుస్తూనే ఉన్నావు, పళ్లాలు నిద్రపోతున్నాయి. వెళ్లి గ్యారేజీలో చూశా. పుస్తకం ఈగల పేజీ దగ్గర తెరిచి ఉంది."

"మరి అప్పుడే అనొచ్చుగా?"

"అంటే మానేసేవాడివి. నాకు పెట్టెడు తూటాలు కావాలి. చెయ్యడం నీకే బాగా వచ్చు."

ఎల్డన్ దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు.

"నేను రసంలో చక్కెర వెయ్యలేదు. ఈగలొస్తాయని తెలుసు."

"తెలుసు. రాత్రి తేనె నేను కలిపాను."

"ఎంత?"

"సీసాలో పట్టినంత."

"కుట్టాయి లవోన్."

"రెండే కదా. ఇన్నాళ్లూ మా నాన్న కొట్టాడని ఊరంతా చెప్పుకుని తిరిగావు. వీటి సంగతి కూడా చెప్పుకో." ఆమె గేరు మార్చింది. "గుడారంలో ఎనిమిది మందికి పొద్దున రొట్టెలు. నలుగురికి గుడ్లు పడవు. డెల్మర్‌కి మాంసం ముక్క బాగా వేగాలి. ఓటిస్‌కి ఏం కావాలో అడక్కు. అడిగితే మధ్యాహ్నమవుతుంది."

అక్టోబరు చివర వేట మొదలైంది. మొదటి మంగళవారం ఉదయం ఏడుంబావుకు, గుడారం వెనక వాగు అవతల, ఎల్డన్ వేటకు వేసుకునే నారింజ రంగు చొక్కా తొడుక్కున్న లవోన్ థోర్సన్ ఒకే తూటాతో కొమ్ముల దుప్పిని కొట్టింది. దూరం ఎనభై గజాలు. ఆ సమయానికి ఎల్డన్ ఏప్రన్ కట్టుకుని రెండో పెనం రొట్టెలు మాడుస్తున్నాడు. చప్పుడు గుడారంలో అందరికీ వినిపించింది. పొయ్యి పైన వేలాడదీసిన గిన్నెలు కదల్లేదు.