విలాస నౌకలో ప్లాస్టిక్ మగ్గు

పన్నుల ఆఫీసుని తిట్టేవాళ్లంటే నాకు ఒళ్లుమంట! మనిషి గొప్పతనాన్ని గుర్తించే ఆఫీసు లోకంలో అదొక్కటే. యాభై రెండేళ్లుగా నా గొప్పతనాన్ని కన్నవాళ్లు గుర్తించలేదు, కట్టుకున్నావిడ గుర్తించలేదు, మా మేనేజరు సంగతి సరేసరి. పన్నుల వాళ్లు ఒక్క నోటీసుతో గుర్తించేశారు. నేను విలాసపురుషుణ్ణట!

కారణం నా పడవ.

అదేదో పెద్ద ఓడ అనుకునేరు. పొడవు పదడుగులు, రెండు తెడ్లు, కూర్చోడానికి ఒక అడ్డచెక్క, అడుగున ఒక చిల్లు. ఆ చిల్లుకి విరుగుడుగా బాత్‌రూమ్ నుంచి పట్టుకెళ్లిన ప్లాస్టిక్ మగ్గు. ఆదివారం పొద్దున్నే ఊరవతల మంచినీటి సరస్సులో దాన్ని దింపి, ఒక చేత్తో గాలం పట్టుకుని, రెండో చేత్తో నీళ్లు తోడుకుంటూ నాలుగు గంటలు గడుపుతాను. ఇంతకన్నా విలాసం ఇంకేం కావాలి చెప్పండి?

నోటీసులో అంతా స్పష్టంగా ఉంది. సరదాకి వాడే సొంత పడవ విలాస వస్తువు, ఏటా పన్ను కట్టాలి. వృత్తి కోసం వాడేదైతే మినహాయింపు. ఎంత న్యాయమైన రూలు! అదే సరస్సులో మా ఊరి కాంట్రాక్టరు గారి లాంచీ కూడా తిరుగుతుంది. రెండంతస్తులు, ఏసీ గది, మెత్తటి సోఫాలు, చెవులు చిల్లులుపడే పాటలు. దానికి పన్ను లేదు. ఎందుకుంటుంది? అది కంపెనీ పేరు మీద ఉంది, కంపెనీ మీటింగులు దాంట్లోనే జరుగుతాయి. ఆదివారమైతే ఆయన కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు, వియ్యంకులు అందరూ ఎక్కి మీటింగు పెట్టుకుని, మధ్యమధ్యలో కేరింతలు కొడుతూ నీళ్లలోకి దూకుతుంటారు. పాపం, ఎంత చాకిరీ! అలాంటి కష్టజీవుల మీద పన్ను వెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది?

నాకే బుద్ధి గడ్డితింది. చిల్లు పూడ్పించడానికే చేతిలో పైసా ఆడటం లేదు, ఇక పన్నెక్కడ కట్టను? కట్టకపోతే పడవ పట్టుకుపోతారు. పడవ పోతే నా ఆదివారం పోతుంది. అందుకని ఫారంలో ‘వృత్తి: చేపలు పట్టడం’ అని రాసి పంపించేశాను. తనిఖీకి ఇన్‌స్పెక్టరు సరాసరి మా ఇంటికే వచ్చాడు.

మీకొక్కరికే ఒక మాట చెప్తాను, బయటికి పొక్కనివ్వకండి. ఆరేళ్లలో నా గాలానికి ఒక్క చేప కూడా పడలేదు. వచ్చేటప్పుడు బజార్లో కొని, సంచీ కాస్త తడిపి, యుద్ధం గెలిచొచ్చినవాడిలా ఇంట్లో అడుగుపెడతాను. మా ఇంట్లో నా పరువంతా ఆ సంచీలోనే ఉంది.

“అమ్మా, మీవారు నిజంగా చేపలు పడతారా?” అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

“ఒక్క ఆదివారం కూడా ఒట్టి చేతుల్తో రాలేదండీ” అంది మా ఆవిడ. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

“ఏం చేపలు?”

“ఒకవారం వంజరం, ఒకవారం చందువా. మొన్న గాలానికి అరకిలో రొయ్యలు కూడా పడ్డాయి.”

ఇన్‌స్పెక్టరు పెన్ను ఆగిపోయింది. “వంజరం, చందువా సముద్రపు చేపలమ్మా. సముద్రం ఇక్కణ్ణించి ఒక రోజు ప్రయాణం.”

ఏది తాజాగా ఉంటే అది తూయించుకొచ్చాను గానీ, అది ఏ నీళ్లలోదని ఏనాడైనా అడిగానా?

“తెలుసండీ” అంది మా ఆవిడ తాపీగా. “మొదటివారమే తెలుసు. ఆవేళ తెచ్చిన చేప ముక్కలు కోసి ఉంది.”

“మరి ఇన్నాళ్లూ ఎందుకూరుకున్నారు?”

“ఆదివారం నాలుగు గంటలు ఈయన ఇంట్లో ఉండరు. నా కళ్లజోడేది, టీ ఏది, ఆ ఫ్యాను ఎందుకలా మూలుగుతోంది అంటూ నా వెనకాలే తిరిగే మనిషి ఉండరు. వారం మొత్తానికి నాకున్న సుఖం అదొక్కటే. ఆ పడవ విలాసమేనండీ, కాదనను. కాకపోతే ఆయనది కాదు, నాది. పన్ను నేను కడతాను, రాసుకోండి!”

అన్నట్టుగానే బీరువా తీసి డబ్బు తెచ్చి కట్టేసింది. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. పడవ దక్కిందన్న సంతోషమో, ఆరేళ్ల పరువు ఒక్క పూటలో పోయిందన్న దుఃఖమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తర్వాతి ఆదివారం కుండపోత వాన. ముసుగుతన్ని పడుకున్నాను. మా ఆవిడ దుప్పటి లాగి, గొడుగూ మగ్గూ నా చేతుల్లో పెట్టి, “పన్ను కట్టాక వాడుకోకపోతే ఎలాగండీ? లేవండి!” అని తలుపు తీసింది.

సరస్సు మధ్యలో కాంట్రాక్టరు గారి లాంచీ ఎదురైంది. ఆయన సోఫాలోంచే అద్దం కాస్త పక్కకి జరిపి, వానలో నానుతున్న నన్ను చూసి నిట్టూర్చారు.

“మీకేమండీ, హాయిగా సరదాకి తిరుగుతున్నారు! మా బతుకు చూడండి, ఆదివారం కూడా ఆఫీసే!”

నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. గొడుగు చంకలో ఇరికించుకుని ఒక్కసారి చెయ్యి ఊపి, మళ్లీ మగ్గు అందుకున్నాను.