ఎక్కడి పనిముట్టు అక్కడే

పాకే బిడ్డ నోట్లోంచి మేకు లాగిన మర్నాడు పొద్దున్నే వడ్రంగి భార్య ఒట్టు పెట్టుకుంది, ఇకమీదట పనిముట్టన్నది నేల మీద కనబడకూడదని. పాత చెక్క బోర్డుకు కొక్కేలు కొట్టి, ఒక్కో పనిముట్టు చుట్టూ సుద్దతో గీత గీసింది. అన్నీ తగిలించాక కూడా, మొగుడి సంచిలో ఉన్నవాటికి అంచనాగా గీసిన నాలుగు గీతలు ఖాళీగా మిగిలి వెక్కిరించాయి. మొగుడు స్నానానికి వెళ్ళగానే అతని పని సంచి కూడా బోర్డు మీదికి ఖాళీ చేసింది. సంచి వట్టిగా ఎందుకని అందులో బిడ్డ గుడ్డలు మడతపెట్టి సర్దింది.

"సంచి తేలిగ్గా ఉందేమిటే?" అన్నాడతను చెప్పులేసుకుంటూ.

"సర్దుకుంటే అలాగే ఉంటుంది మరి!"

గంటకల్లా ఫోను. "ఉలి అనుకుని లంగోటా తీశాను! నిన్ననే ఈ పై వీధి బామ్మగారి స్నానాల గది తలుపు ఊడదీశాను. కొత్తది బిగించాలి. ఈ పని చెడిందా, నీ బోర్డు పొయ్యిలోకే!"

"దాని జోలికి రాకండి. తెస్తున్నా."

విడివిడిగా తీస్తే మళ్ళీ సర్దలేక చావాలి. బిడ్డను పక్కింటి అత్తయ్యకిచ్చి, బోర్డును ఉన్నదున్నట్టు తోపుడు బండి మీద నిలబెట్టి తాళ్ళతో కట్టి తోసుకుంటూ బయల్దేరింది.

"రంపం ఎంతమ్మా?" అన్నాడొకాయన.

"అమ్మేవి కావండీ."

"బేరం కుదరకముందే బెట్టా?" అంటూ ఆయన వెంటపడ్డాడు. ఆయన్ను చూసి ఇంకో ఇద్దరు, వాళ్ళను చూసి ఒకావిడ. అందరూ కలిసి బామ్మగారి ఇంట్లోకి జొరబడ్డారు.

చూసి చూసి విసిగిపోయిన బామ్మగారు, వడ్రంగిని వీధి వైపు తిరిగి కాపలా ఉండమని, అప్పుడే నీళ్ళు పోసుకుంటున్నారు.

"ఎవర్రా ఆ గుంపు!" లోపల్నించి కేక.

వడ్రంగి భార్య తాళ్ళు తెంపి, బోర్డును ఈడ్చుకుపోయి గుమ్మానికి అడ్డంగా నిలబెట్టి వీపుతో ఆనుకుంది. సుత్తి తగిలినా కదల్లేదు.

కాసేపటికి బోర్డు పక్కనుంచి తొంగిచూసిన బామ్మగారి గొంతు మెత్తబడింది. "అమ్మాయ్, ఆ కొక్కేలు నా వైపు తిప్పి, దీన్నే బిగించమను. చీర తగిలించుకోడానికి బావుంటుంది. ఆ కొత్త తలుపు మీరే పట్టుకుపోండి."

సాయంత్రం వడ్రంగి ఆ కొత్త తలుపును ఇంట్లో బిడ్డకందనంత ఎత్తున గోడకు బిగించి, పనిముట్లకు కొక్కేలు కొట్టి, తనే సుద్ద పట్టుకున్నాడు.

"ఉలి గీత వంకరపోయింది. చెరిపి మళ్ళీ గీయండి," అంది భార్య.

గీశాడు. ఆ ఇంట్లో ఎక్కడికీ తెరుచుకోని తలుపు అదొక్కటే.